పక్క బల్ల మానిటర్‌కు తగిలిన దిష్టి

పక్క బల్ల మీద వెలుగుతున్న వస్తువు ఆరిపోతే బాగుండునని మీరెప్పుడైనా కోరుకున్నారా? తొందరపడి లేదనకండి. నేనూ అలాగే అనేవాణ్ణి.

ఫిల్మ్ నగర్‌లో సినిమా టైటిళ్లు తయారుచేసే ఒక ఆఫీసులో అక్షరాలు గీసే పని నాది. ఊరంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులతో నిండిపోయిన రోజులవి. బ్రష్షు వదిలి మౌసు పట్టిన పాత చేతుల్లో నాదొకటి. నేను గీసిన అక్షరాలకు రంగులు వేసి, వాటిని కదిలించే పని పక్క బల్ల అమ్మాయిది. మోతీనగర్ నుంచి వచ్చేది. నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఆడవాళ్లకు సమాన అవకాశాలు కావాలని సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఆమెకు పదిహేడు అంగుళాల కొత్త మానిటర్ ఇచ్చి, నాకు పాతదే ఉంచిన రోజున మాత్రం అది న్యాయమని నాకు అనిపించలేదు.

నా తెర అదిరేది. ఆ లావుపాటి గాజు మానిటర్లు బొమ్మను సెకనుకు ఇన్నిసార్లని తిరిగి గీస్తూ ఉంటాయి. నాది అరవైసార్లు గీసేది. సాయంత్రానికి కళ్లు మండేవి. ఆమె సెట్టింగుల్లోకి వెళ్లి తనదాన్ని ఎనభై అయిదుకు పెంచుకుంది. ఆ తెర మీద అక్షరం గోడ మీద రాసినట్టు నిలిచేది.

“అన్నా, నీది గూడ జర పెంచాల్నా? రెండు నిమిషాల పని,” అంది ఒకరోజు.

“నాకు ఈ అంకెల పిచ్చి లేదమ్మా.”

“గట్లనా? మరి గంట సంది నా తెర దిక్కే ఎందుకు జూస్తున్నవ్?”

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ వారమే అమీర్‌పేటలో ఒక రిపేరు మనిషి దగ్గర చిన్న ప్రోగ్రామ్ సంపాదించాను. మానిటర్ ఒప్పుకోని అంకెను కూడా దానితో బలవంతంగా ఎక్కించవచ్చు. “కీచుమంటే వెంటనే తగ్గించు సార్. లేకుంటే లోపల కాలిపోతది,” అన్నాడతను. నాదాన్ని డెబ్భై అయిదుకు లాగాను. అక్షరాల అంచులు కాస్త అలికినట్టయ్యాయి గానీ అదురు తగ్గింది. ఒక పూట సంతోషంగా ఉన్నాను.

మర్నాడు ఒక దర్శకుడు వచ్చాడు. పెద్ద సినిమా. దాని టైటిళ్లు మా ఇద్దరిలో ఎవరి చేతికి వెళ్లాలో ఆ వారంలో తేలాలి. ఆయన నా కుర్చీ వెనక నుంచి నడిచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. తెర మీదికి వేలు చూపి, “అక్షరమంటే ఇలా నిలబడాలండీ,” అన్నాడు. ఆ అక్షరం నేను గీసిందే. ఆ మాట ఎవరూ చెప్పలేదు. అడగందే చెప్పుకోవడానికి నాకు నామోషీ.

మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని మేడ మీదికి వెళ్లింది. నేను ఆమె కుర్చీలో కూర్చున్నాను. ఇది ప్రయోగం అని నాకు నేను చెప్పుకున్నాను. ప్రోగ్రామ్ ఎక్కించి, నూట ఇరవై అని కొట్టాను. నా మానిటర్‌ను ఇంకా పెంచితే కాలిపోతుందని నాకు తెలుసు. అందుకే ఆమెదాన్ని పెంచాను.

బొమ్మ మెలితిరిగింది. కీచుమంది. వెంటనే తగ్గించాలి. చెయ్యి మౌసు మీదే ఉంది, కదపలేదు. లోపల టప్పుమని తెర నల్లబడింది.

ఆమె తిరిగొచ్చేసరికి నేను నా బల్ల దగ్గర ఉన్నాను. “ఏందిది, ఒస్తలేదు?” అని మీటలన్నీ నొక్కి చూసింది. మేనేజర్ పరుగున వచ్చాడు.

“దిష్టేనండీ! వచ్చినవాడల్లా దాన్నే చూస్తున్నాడు కదా. గుమ్మానికి గుమ్మడికాయ కడదామంటే మీరే పడనివ్వలేదు మాస్టారూ. ఇప్పుడు చెప్పండి!”

అందరూ నా వైపు తిరిగారు. మనిషి చూపు గాజును పగలగొడుతుందా, ఎలా పగలగొడుతుందో చూపించండి అని ఆ గదిలో ఎన్నిసార్లు నిలదీశానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం, “ఎవరి నమ్మకం వాళ్లది,” అన్నాను.

“నువ్వేనా అన్నా గిట్ల మాట్లాడేది? జరమొచ్చిందా ఏంది?” అంది ఆమె.

సాయంత్రం దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టారు. మర్నాటికి ఆ నెపం మనిషి మీదికి మళ్లింది. మేనేజర్ టైటిళ్ల కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. “ఆ అమ్మాయి చెయ్యి ఈ సినిమాకు అచ్చిరాదేమోనని నిర్మాతగారికి అనుమానమండీ. కొన్నాళ్లు ఉత్తరాలు టైపు చేసుకుంటుంది లెండి,” అన్నాడు, ఆమెకు వినపడేలాగే.

అచ్చిరాని చెయ్యి! ఇరవై ఏళ్లుగా నేను వేదికలెక్కి తిట్టిన మాట. ఇప్పుడు దాని లాభం నా బల్ల మీద ఉంది.

ఆమె రంగుల కార్డులు సొరుగులో సర్దుకుంటోంది. ఏడవలేదు, ఎవర్నీ బతిమాలలేదు. ఆ నిబ్బరం చూసి కూడా కుళ్లుకున్నాను. నా దగ్గర లేనిది ఇంకొకటి ఆమె దగ్గర ఉంది. బహుశా ఆ కుళ్లే నన్ను కుర్చీలోంచి లేపింది.

“దిష్టి కాదు. అంకె పెంచి దాన్ని కాల్చింది నేను,” అన్నాను.

మేనేజర్ నవ్వబోయి ఆగాడు. ఆమె సొరుగు మూసింది.

“తెల్వక జేసినవా, తెలిసే జేసినవా?”

“తెలిసే.”

“దిష్టయితే మంచిగుంటుండె. దిష్టి మీద ఎవ్వలకు కోపం రాదు. గిప్పుడు నీ పక్కన ఎట్ల కూసోవాలె?”

కూర్చోలేదు. బల్లను కిటికీ దగ్గరకు మార్పించుకుంది. నా బల్ల మీది కాగితాలు తిరిగి ఆమెకే వెళ్లాయి. టైటిళ్లు ఆమే చేసింది, చాలా బాగా చేసింది. ఆ రోజు నుంచి నన్ను అన్నా అనలేదు, సార్ అంది. ఆ టైటిళ్లు ఎక్కడైనా కనిపిస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

అసూయ మానండని మిమ్మల్ని అడగను, నేనే మానలేకపోయాను. కానీ మీ ఆఫీసులోనో ఇంట్లోనో ఒక మనిషిని అచ్చిరాలేదని పక్కన కూర్చోబెట్టి ఉంటే, అసలు జరిగిందేమిటో మీకు తెలిసి ఉంటే, ఈ పేజీ మూసి లేవండి. చాటుగా క్షమాపణ అడిగి చేతులు దులుపుకోవద్దు. నింద పడిన చోటే, విన్నవాళ్లందరి ముందూ నిజం చెప్పి, ఆ మనిషి పని ఆ మనిషికి ఇప్పించండి. ఇవాళే.