జిలేబీ వాంగ్మూలం

రాంగోపాల్‌పేట్ సందులో ఈ ఉదయం జిలేబీ పిండి నూనెలో పడి చుయ్‌మంది. ఆ వాసనకు నా కాళ్లు టక్కున ఆగిపోయాయి. పొట్ట మాత్రం ఇంకాస్త ముందుకు వెళ్లి ఆగింది. అందరికీ జిలేబీ వాసనకు నోరూరుతుంది. నాకు నిజం చెప్పాలనిపిస్తుంది. కారణం డాక్టర్ పైడిరాజు గారు.

అవి సాఫ్ట్‌వేర్ రోజులు. కీబోర్డు మీద కాకి వాలినా ఉద్యోగం ఇచ్చేసేవారు. ఆ వరసలో నాకూ వచ్చింది. జీతంతో పాటు శనివారాలూ వచ్చాయి. ఊరి బయట ఫామ్‌హౌస్, చెవులు ఊడిపడే పాటలు, గంజాయి పొగ, ఎవరో అరచేతిలో పెట్టే రంగు బిళ్లలు. ఆ రోజుల్లోనే నాకు హెచ్‌ఐవీ ఉందని తేలింది. నా తద్దినానికి వంటవాణ్ణి నేనే కుదుర్చుకోవాలన్నంత దిగులుతో పైడిరాజు గారి క్లినిక్ మెట్లెక్కాను. విజయనగరం నుంచి వచ్చి, ఈ సందులోనే స్టీలు సామాన్ల కొట్టు పైన ప్రాక్టీసు పెట్టిన మనిషి. మీసం ఎంత గొప్పదంటే ముందు అది గదిలోకి వచ్చేది, వెనక ఆయన. మాత్రలు రాసి, రోజూ వేసుకుంటే ముసలివాడివై నన్నే విసిగిస్తావని భరోసా ఇచ్చారు. మధ్యమధ్య మానితే వైరస్ మందును లెక్కచేయదనీ అన్నారు. నేను మొదటి ముక్క దాచుకుని రెండోది వదిలేశాను.

ఎందుకంటే మా అమ్మమ్మ నేర్పిన వైద్యశాస్త్రం నాకొకటుంది: మందుకు పథ్యం. మందు తింటూ వంకాయ ముట్టకూడదు. వంకాయకే అంత నియమముంటే గంజాయికెంతుండాలి? అందుకని శని, ఆదివారాలు మాత్రల డబ్బా జోలికి పోయేవాణ్ణి కాదు. మత్తు ఒంట్లో ఉండగా దాన్ని తాకడం మైలబట్టతో దేవుడి గది తొక్కడమే. సోమవారం తలంటుకుని భక్తిగా మళ్లీ షురూ. మాత్రలను ఇంతగా గౌరవించే రోగి జంటనగరాల్లో లేడని నా గర్వం.

కొన్ని నెలలకు రక్తపరీక్షలో వైరస్ మళ్లీ పెరిగింది. రోజూ వేసుకుంటున్నావా అని అడిగారు. గంజాయి పేరెత్తితే గెంటేస్తారన్న భయంతో, క్రమం తప్పకుండా అన్నాను. అయితే ఈ మందు ఓడిపోయినట్టే, మార్చాలి, ఆ తర్వాత మన చేతిలో పెద్దగా మందులేమీ మిగలవు అంటూ పెన్ను తీశారు. నేను ఆయన కళ్లు తప్పించి నా కాలివేళ్లు లెక్కపెట్టుకున్నాను.

ఆయన రాయలేదు. తలుపు వైపు చూశారు. అవతల బల్ల దగ్గర మందులిచ్చేది ఆయన భార్య. పక్క వీధిలో చక్కెర డబ్బా మూత తీసినా ఆవిడకు వినబడుతుంది.

"నాకు షుగరుందని తెలుసు కదా," అన్నారు గొంతు తగ్గించి. "ఇందాక కింద బండి దగ్గర రెండు జిలేబీలు తిన్నాను బాబూ. మా ఆవిడకు తెలీదు. ఇప్పుడు నువ్వు చెప్పు."

అంత మీసం నా ముందు నేరం ఒప్పుకుంటే ఎలా తట్టుకుంటాను? శనివారాలు, పొగ, బిళ్లలు, వంకాయ సిద్ధాంతం అన్నీ కక్కేశాను. ఆయన కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆపేశారు.

"మత్తుకు పథ్యం మందు మానడమేటయ్యా? మానితే మత్తు మానాల, మాత్ర కాదు. ఆ బిళ్లల్లో కొన్ని ఈ మందులతో కలిస్తే గుండెకే ముప్పు. ఏం మింగినా నాకు చెప్పెయ్యి. నేను పోలీసును కాను."

పెన్నుకు మూత పెట్టేశారు. అదే మందు, వారంలో అన్ని రోజులూ వేసుకుని మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. బేరం కుదిరింది: ఆయన జిలేబీలు తగ్గించాలి, నేను శనివారాలు. మరుసటి పరీక్షలో వైరస్ తోక ముడిచింది. బిళ్లలు ముందు పోయాయి. గంజాయి కొత్తల్లుడిలా కాస్త బతిమాలించుకుని పోయింది. వెళ్లినప్పుడల్లా ముందు ఆయన వాంగ్మూలమే. ఒకసారి "మూడు తిన్నాను" అంటుండగా తలుపు అవతలి నుంచి "నాలుగు" అని వినిపించింది.

ఇప్పుడు ఆయన లేరు. నేను ముసలివాణ్ణవుతూ, ఆయన వాటా విసుగంతా కొత్త డాక్టరమ్మకు ఇస్తున్నాను. మాత్ర మాత్రం మానలేదు. ఇదే జబ్బు కొత్తగా తేలి, ఆవిడ పంపితే బిక్కుబిక్కుమంటూ నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లను నేనేమీ అడగను. ముందు నాది చెబుతాను. వంకాయ దాకా వచ్చేసరికి వాళ్ల నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

ఈ మధ్య నాకూ షుగరొచ్చింది. ఈ ఉదయం రెండు జిలేబీలు తిన్నాను. నేను చెప్పేశాను. ఇప్పుడు మీరు చెప్పండి.