ఆరున్నర డబ్బాల బియ్యం

2014 జూలై 16, బుధవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఎనిమిదో తరగతి పిల్లలను వంటగది ముందు నిలబెట్టాను. పాల్వంచ దాటాక అడవి మొదలయ్యే చోట మా బడి. నేను లెక్కల టీచర్‌ని.

మధ్యాహ్న భోజనం బియ్యం పోసే చెక్కపెట్టెను నేనే టేపుతో కొలిచి, ఘనపరిమాణం దాని మీద తెల్లరంగుతో రాయించాను. పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు ఒకటిన్నర, మూత లేకుండా ఎత్తు ఒకటింబావు. గుణిస్తే నాలుగు ఘనపుటడుగులు, పైన పదహారో వంతులు పదకొండు. అన్ని వైపులా అర అడుగు ఉన్న రేకుడబ్బాతో కొలిస్తే ముప్పై ఏడున్నర డబ్బాలు. ఏటా ఈ లెక్క చెప్పేదాన్ని. ఎప్పుడూ బియ్యం పోసి చూడలేదు.

ఆ వారం బియ్యానికి పురుగు పట్టింది. ఎండబోయాలి. పెట్టె అంచుకు సమంగా నిండి ఉంది. వంటమనిషి కూతురు ఆ తరగతిలోనే చదివేది, గూడెం పిల్ల. పెట్టె తాళంచెవి ఆ తల్లీకూతుళ్ల దగ్గరే ఉండేది. పిల్ల చేతికి డబ్బా ఇచ్చాను. ఒక్కో డబ్బాకు గోడ మీద బొగ్గుతో ఒక్కో గీత గీసింది.

"ముప్పై ఒకటి టీచర్. అయిపోయినయ్."

"మిగతా ఆరున్నర ఏవి?"

"గన్నే ఉన్నయ్ టీచర్. గీతలు సూడుండ్రి."

"నీ గీతలు నమ్మాలా, నా గుణకారం నమ్మాలా?"

"గూడెంల ఇప్పపువ్వు దోసిళ్లతో కొలిచినట్టు కొలిచిందేమో టీచర్!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేను ఆపలేదు.

అన్నం బెల్లు కొట్టాక అందరూ తినేదాకా ఆ పిల్లను ఖాళీ పెట్టె పక్కన నిలబెట్టాను. పళ్లెం బోర్లించమన్నాను. వడ్డించేది తల్లే.

"మా పిల్ల ఒక్క గింజ ముట్టలే టీచరమ్మా."

"గింజలు కాదు, ఆరున్నర డబ్బాలు."

హెడ్మాస్టరుకు కాగితం రాసి, కింద గుణకారం వేసి ఇచ్చాను. మరునాడు గోడకు సున్నం కొట్టించాను. సోమవారం వేరే వంటమనిషి వచ్చింది. పిల్ల మళ్లీ బడికి రాలేదు.

2019 ఏప్రిల్ 23, మంగళవారం. చెదలు పట్టిన ఆ పెట్టెను విప్పుతుంటే చెక్కపలక అంచు కనిపించింది. స్కేలు పెట్టాను. ముప్పావు అంగుళం మందం. అప్పట్లో నేను టేపు పెట్టింది బయటి వైపు. లోపల పొడవు ఇరవై ఎనిమిదిన్నర అంగుళాలు, వెడల్పు పదహారున్నర, లోతు పద్నాలుగుంబావు. అక్కడే కూర్చుని గుణించాను. ముప్పై ఒక్క డబ్బాలు, పైన చారెడు.

గూడేనికి వెళ్లాను. పిల్ల తల్లాడ వైపు మిర్చి ఏరబోయిందట. లెక్క మొత్తం తల్లికి చెప్పాను. చివరిదాకా విన్నది.

"పిల్ల ఆనాడే చెప్పింది గద టీచరమ్మా, ముప్పై ఒకటని."

కూర్చోమనలేదు. లోపలికి పోయింది.

పోయినవి: ఒక పూట అన్నం. ఒక తల్లి వంటపని. ఒక పిల్ల చదువు, ఎనిమిదో తరగతి జూలై నుంచి. బియ్యం ఏమీ పోలేదు.