హనమురాను పొగడబోయి

పొగడ్తతో మనిషి ప్రాణం తీయొచ్చని మీకు తెలుసా? నాకు తెలుసు. నా చేతిలో బలైపోబోయినవాడు జపాన్ నుంచి వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు. అదీ నిండు స్టేడియంలో.

మూడేళ్ల క్రితం సంగతి. మేముండేది అమెరికాలోని ఆష్‌బర్న్‌లో. తొమ్మిదేళ్ల మా అమ్మాయి మేధను వాళ్ల సాకర్ కోచ్ డిఫెన్స్‌లో నిలబెట్టాడు. గోల్ కొట్టేవాళ్లకి చప్పట్లు, ఆపేవాళ్లకి బురద. దాంతో రోజూ ఏడుపే. సరిగ్గా అప్పుడే మాకు గంట దూరంలో ఉన్న టీమ్‌కి హనమురా వచ్చాడు. జపాన్‌లో పదేళ్లకు పైగా ఆడి, ముప్పై దాటాక ఇక్కడికొచ్చిన డిఫెండర్. జన్మలో గోల్ కొట్టిన పాపాన పోలేదు. అయినా పిల్లల వీపుల మీద ఎక్కడ చూసినా అతని పేరే. గెలిచినా ఓడినా, ఆఖరి పిల్లకి సంతకం పెట్టందే లోపలికి వెళ్లడు మరి. అందరూ అతన్ని "వాల్", అంటే గోడ, అంటారు. మేధ ఏడుపు మానేసి, "డాడీ, నేను కూడా వాల్!" అనడం మొదలుపెట్టింది.

మ్యాచ్‌కి వెళ్లేముందు అట్ట మీద జపనీస్‌లో ఏదైనా రాసిమ్మంది.

"ఇంగ్లిష్‌లో రాస్తే సరిపోదా?" అంది మా ఆవిడ లావణ్య.

"సొంత భాషలో పొగిడితే ఆ రుచే వేరు. నీకు తెలీదులే," అన్నాను.

ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, అచ్చ తెలుగులో, "మా గోడవు నువ్వే!" అన్నాను. జపనీస్ అక్షరాలు టపటపా రాలాయి. వాటిని చూసి అట్ట మీదకి ఎక్కించేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు గానీ, ఫోను చెవి సంగతి పెద్దలెవరూ చెప్పలేదు కదండీ!

ఆ రోజు మావాళ్లు ఒక్క గోల్ తేడాతో ఓడారు. ఆ గోల్ హనమురా కాళ్ల మధ్య నుంచే వెళ్లింది. ఆట అయ్యాక అతను పిల్లల వైపు నడిచొస్తుంటే అట్టను జెండాలా ఎత్తాను. చదివాడు. ఆగిపోయాడు. ముఖం వాడిన తోటకూర కాడలా వేలాడిపోయింది. నడుం దాకా వంగి, "సారీ... వెరీ సారీ," అన్నాడు.

"చూశావా, ఎంత వినయమో!" అన్నాను లావణ్యతో.

వెనక వరసలోని జపనీస్ పెద్దావిడ నా భుజం పొడిచింది. "ఓడితే మాత్రం, 'మా సమస్య నువ్వే' అని రాస్తావా?" అంది ఇంగ్లిష్‌లో.

ఫోన్ తీసి చూశాను. అది విన్నది, "మా గొడవ నువ్వే!"

"డాడీ, హీ ఈజ్ సో శాడ్! ఏదైనా చెయ్!" మేధ కళ్లలో నీళ్లు.

ఇంకా సిగ్గేమిటి? రైలింగ్ దగ్గరికి పరిగెత్తి, చేతులు బార్లా చాపి, "యూ! వాల్! అవర్ వాల్!" అని అరిచాను. గోడలా కాదు, దిష్టిబొమ్మలా ఉన్నానని లావణ్య ఇప్పటికీ అంటుంది. పెద్దావిడ జాలిపడి అతనికి జపనీస్‌లో అసలు సంగతి చెప్పింది. హనమురా పొట్ట పట్టుకుని నవ్వాడు. అట్ట అడిగి తీసుకుని, సంతకం చేసి, కింద ఏదో రాసి మేధకిచ్చాడు.

మేధ దాన్ని పెద్దావిడకి చూపించింది. ఆవిడ చదివి పకపకా నవ్వింది. "'నిజమే, మా ఆవిడ కూడా ఇదే అంటుంది' అని రాశాడు."

కాబట్టి మహాజనులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరిని మెచ్చుకోవాలనిపించినా ఈల వేసి ఊరుకుంటాను. ఈలని ఏ ఫోనూ తర్జుమా చేయలేదు.