థీ అన్న ఒక్క మాట

గులాబ్‌బీ గాజులమ్మే మనిషి. మర్రిగూడ చుట్టుపక్కల ఏ ఆడమనిషి మణికట్టు ఎంత లావో ఆమెకు తెలిసినట్టు, కట్టుకున్న మొగుడికి కూడా తెలియదు. భుజాన గాజుల మలారం వేసుకొని పొద్దున బయల్దేరిందంటే ఊళ్లన్నీ తిరిగి, వద్దన్నా వినకుండా పోసిన చాయలు తాగి, ఊరూరి ముచ్చట్లు మోసుకొని ఇంటికొచ్చేది. నోరు పెద్దది, మనసు మెత్తన. ఒక్క పట్టింపు మాత్రం ఉండేది. చెడ్డ మాట నోట రానిచ్చేది కాదు. ఎవరి చేతి గాజు పగిలినా ‘పగిలింది’ అనేది కాదు, "పాత రంగు పోయింది తియ్, కొత్త రంగు ఏస్త, చెయ్యి ఇటు తే" అనేది. గాజులు తొడిగే మనిషి చావు మాటలు మాట్లాడొద్దని అత్త నేర్పిన పాఠమట.

అలాంటి మనిషితో ఎంత మాట అనిపించారో చూడండి.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు సంగతి ఇది. సర్కారు నల్లాలు ఇంకా ఆ ఊరి దాకా రాలేదు. ఫ్లోరైడు బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్లు తాగి పిల్లల పళ్లు పసుపు రాసినట్టు అయ్యేవి, పెద్దల కీళ్లు బిగుసుకుపోయేవి. గులాబ్‌బీ భర్త మక్సూద్ ఒకప్పుడు అంగళ్లలో మాంసం కొట్టినవాడు. ఇప్పుడు మంచం మీద పక్కకు తిరగాలన్నా ఒకరు పట్టాలి. కూతురు జబీన్ మాత్రం నిక్షేపంగా ఉంది, ఇంటర్ పాసై ఇంటి పనంతా నెత్తినేసుకుంది. పళ్లు ఒక్కటే పచ్చబడ్డాయి. ఆ ఎండాకాలంలో దేవరకొండ సంబంధం ఒకటి కుదిరింది. తీరా మాటలయ్యాక పిల్లగాడి తల్లి వచ్చి జబీన్ నవ్వు చూసింది, వెళ్లి కబురు పంపింది, వద్దని. అప్పట్నుంచి ఆ పిల్ల నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకునేది.

ఈ బాధ గులాబ్‌బీ ఒక్క పుష్పకే చెప్పుకొని ఏడ్చింది.

పుష్ప ఆ ఊరి కోడలు, డిగ్రీ చదివింది. ఆడవాళ్లను కూడగట్టి మంచినీళ్ల సంఘం పెట్టింది. నిజం చెప్పాలంటే కూడగట్టింది గులాబ్‌బీయే. గాజులేసుకున్న ప్రతి చెయ్యినీ పట్టుకొని "మన పుష్ప మంచిది, నీళ్లు తెస్తది, సంతకం పెట్టు" అని ఇంటింటికీ తిరిగి సంఘాన్ని నిలబెట్టింది. పుష్పకు పురిటి నొప్పులొచ్చిన రోజు మొగుడు ఊళ్లో లేడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది గులాబ్‌బీ, కొడుకు పుడితే మొదట ఎత్తుకున్నదీ ఆమే. సొంత చెల్లెలికైనా అంతకంటే ఏం చేస్తాం?

ఢిల్లీలో ఉండే పరదేశపు రాయబార కార్యాలయాలు ఇలాంటి చిన్న సంఘాలకు నేరుగా కొంత సాయం ఇస్తాయి. పెద్ద సొమ్మేమీ కాదు, కానీ ఒక ఊరికి నీళ్లు శుద్ధిచేసే మిషను పెట్టడానికి సరిపోతుంది. పుష్ప మూడేళ్లుగా రాస్తూ ఉంది, వాళ్లు కాదంటూ ఉన్నారు. నాలుగోసారి ఏమైందో ఏమో, సరే ఊరు చూడాలి, వస్తున్నాం అన్నారు. ఊరంతా సంబరం. పుష్ప వచ్చి, "అక్కా, ఢిల్లీకెల్లొచ్చే దొరసాని మీ ఇంట్లనే కూసుంటది. మక్సూద్ బావను సూపిద్దాం. నువ్వేం మాట్లాడకు, నేను ఇంగ్లీషుల చెప్త" అంది. గులాబ్‌బీ వాకిలి అలికింది, పెట్టెలో దాచిన కొత్త దుప్పటి తీసి మక్సూద్ మంచం మీద పరిచింది.

దొరసాని వచ్చింది. సన్నగా పొడుగ్గా ఉంది, ఎండకు ముఖం కందిపోయింది. వాకిట్లో సంఘం ఆడవాళ్లంతా చాప మీద కూర్చున్నారు. పుష్ప ఇంగ్లీషులో గడగడా చెబుతోంది, ఆమె తల ఊపుతోంది. ఇంతలో మేక ఒకటి లోపలికి దూరి మక్సూద్ మంచం మీది కొత్త దుప్పటి కొస నోట పట్టింది. గులాబ్‌బీ లేచి దాన్ని ఉర్దూలో నాలుగు తిట్లు తిట్టి తరిమింది. దొరసాని ముఖం వెలిగిపోయింది. ఢిల్లీలో హిందీ నేర్చుకుందట. కుర్చీలోంచి లేచి వచ్చి చాప మీద గులాబ్‌బీ పక్కనే కూర్చొని చెయ్యి పట్టుకుంది.

"ఆప్‌కీ బేటీ కా సునా. బహుత్ అఫ్సోస్ హువా" అంది. మీ బిడ్డ సంగతి విన్నాను, చాలా బాధ కలిగింది అని.

గులాబ్‌బీ వంటింటి వైపు ఒకసారి చూసింది. సంబంధం తప్పిపోయిన ముచ్చట పరాయిదేశం మనిషికి ఎందుకు చెప్పిందమ్మా పుష్ప? చెప్తే చెప్పింది, ఏం చేస్తాం. పాపం, ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, ఎంత మంచి మనిషో అనుకుంది.

"క్యా కర్నా మేడం. నసీబ్. అల్లా కీ మర్జీ" అంది. ఏం చేస్తాం, మా రాత, దేవుడి ఇష్టం అని.

దొరసాని ఆమె చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "కిత్నే సాల్ కీ థీ?"

గులాబ్‌బీకి మొదట అర్థం కాలేదు. ఈమెకు భాష సరిగా రాదేమో, తప్పు పలికిందేమో అనుకుంది. ఎన్నేళ్లు అని అడగాలంటే ‘హై’ అనాలి. ‘థీ’ అంటే ఉండేది అని. పోయినవాళ్ల గురించి అడిగేటప్పుడు అనే మాట అది. ఆమె పుష్ప వైపు చూసింది. పుష్ప చప్పున తల దించుకుంది. చాప మీద ఉన్న సంఘం మనిషి నర్సింగమ్మను చూసింది. నర్సింగమ్మ కొంగు నోట్లో పెట్టుకొని గోడ వైపు తిరిగింది. ఒక్కరంటే ఒక్కరు ఆమె కళ్లల్లోకి చూడలేదు. అప్పుడు అర్థమైంది. ఆ ఊళ్లో తన బిడ్డ చచ్చిపోయిందని తనకు తప్ప అందరికీ తెలుసు.

యా అల్లా! లేచి అరుద్దామనుకుంది. నా బిడ్డ బతికే ఉంది, అదిగో వంటింట్లో చాయ్ కాస్తోంది అని అరుద్దామని నోరు తెరిచింది. ఎదురుగా నర్సింగమ్మ మనవరాలు, రెండేళ్ల పిల్ల, నోట్లో వేలు పెట్టుకొని ఆమెనే చూస్తోంది. ఆ పిల్లకు పళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే జబీన్ చాయ్ కప్పులు పట్టుకొని బయటికొచ్చింది. దొరసాని కప్పు అందుకొని ఆ పిల్ల ముఖంలోకి చూసి ముద్దుగా అడిగింది. "ఔర్ యే బచ్చీ కౌన్ హై?" మరి ఈ పిల్ల ఎవరు అని.

పుష్ప ఏదో ఇంగ్లీషులో మొదలుపెట్టింది. కానీ దొరసాని అడిగింది గులాబ్‌బీని, చూస్తున్నదీ గులాబ్‌బీనే. జబీన్ కూడా తల్లినే చూస్తోంది. నా బిడ్డ అని చెప్పడానికి అంతసేపు ఎందుకో ఆ పిల్లకు తెలియలేదు.

"పడోస్ కీ హై" అంది గులాబ్‌బీ. పక్కింటి పిల్ల అని.

జబీన్ తల్లి వైపు మళ్లీ చూడలేదు. మిగతావాళ్లందరికీ చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

కారు కదిలి దుమ్ము అణగకముందే గులాబ్‌బీ పుష్ప రెక్క పట్టుకుంది. "ఎంత మాట చెప్పినవే! ఎట్లొచ్చిందే నీకు నోట్లకెల్లి?"

"అక్కా, జర మెల్లగ. మూడేండ్ల సంది రాస్తున్న. కాళ్లు వంగినోళ్ల ఫోటోలు వాళ్ల కాడ బండెడున్నయి. బతికున్నోళ్ల గోస వాళ్ల కండ్లకు ఆనదక్కా. నీళ్లు తాగి ఒక పిల్ల పోయింది అంటేనే లేసి వచ్చిండ్రు. ఉత్త మాటనే గదా, నీ బిడ్డకు ఏమన్న అయ్యిందా?"

"ఉత్త మాటనే గదా? మరి నీ కొడుకు పేరు ఎందుకు చెప్పకపోయినవ్?"

పుష్ప గబుక్కున చెవులు మూసుకుంది. "ఛీ, అట్లనకు అక్కా! ఒక్కగానొక్కడు!"

"నాకు ఎంతమందున్నరే?"

పుష్ప చెవుల మీది చేతులు దించింది. "నీకు చెప్తే ఒప్పుకోవని అందరం అనుకున్నం" అని మాత్రం అంది. అందరం. ఆ మాట గులాబ్‌బీకి అన్నింటికంటే గట్టిగా తగిలింది. ఏళ్ల తరబడి ఎండలో తిరిగి, ఒక్కొక్క చెయ్యి పట్టుకొని తాను చేర్చిన అందరే వీళ్లు. ఆ రాత్రి ఆమె కూతురి పక్కన పడుకొని వీపు మీద చెయ్యి వేసింది. వాళ్ల మాటలన్నీ గుమ్మం లోపలి నుంచి విన్న జబీన్ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

దసరా పోయాక సాయం వచ్చింది. రేకుల షెడ్డు వేసి మిషను పెట్టారు. బోర్డు మీద ఆ దేశపు జెండా బొమ్మ, కింద సంఘం పేరు. నీళ్లు నిజంగానే తియ్యగా ఉన్నాయి, ఆ మాట కాదనలేం. ఊరంతా క్యాన్లు పట్టుకొని వరసకట్టింది. గులాబ్‌బీ కూడా ఒక క్యాను నింపి నెత్తిన మోసుకొచ్చి, మక్సూద్‌కు గ్లాసుతో తాగించి, కూతురికి ఒక గ్లాసు పట్టుకుపోయింది. జబీన్ అప్పటికే బిందె చంకన పెట్టుకొని పాత బోరు దారి పట్టింది. తల్లి గ్లాసుతోనే వెంటపడింది.

"యాడికే? మంచినీళ్లు తెచ్చిన, తాగు. ఇంక గా బోరు నీళ్లెందుకు?"

తల్లితో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడే పిల్ల, వాడంతా వినేటట్టు తెలుగులో అంది. "నేను గా బోరు నీళ్లు తాగే సచ్చిన గదా అమ్మీ. సచ్చినోళ్లకు మంచినీళ్లెందుకు?"

అని నడుచుకుంటూ వెళ్లిపోయింది.

గులాబ్‌బీ గ్లాసు అక్కడే పారబోసి షెడ్డు దగ్గరికి పరిగెత్తింది. వరసలో ఉన్న ఆడవాళ్ల మధ్య నిలబడి, చెంగు జారిపోతున్నా చూసుకోకుండా, గొంతు చించుకొని అరిచింది. "నా బిడ్డ బతికే ఉన్నది! ఇంటున్నరా? నా జబీన్ బతికే ఉన్నది!"

నల్లా కింద క్యాను పెట్టుకొని కూర్చున్న నర్సింగమ్మ తల ఎత్తలేదు.

"మాకు తెల్వదా అక్కా?" అంది. "ఒర్రకు. జర పక్కకు జరుగు, నీళ్లు పొంగిపోతున్నయి."