మిషన్‌గారి దండయాత్రలు

మిషన్‌గారికి ఉన్నది ఒకటే గుణం. పనిని పనిలా చెప్పడం ఆయనకు చేతకాదు. ఎంత చిన్న పనైనా ఆయన నోట్లో పడిందంటే దండయాత్ర అయిపోవలసిందే. దానికో ప్రధాన లక్ష్యం ఉంటుంది. చేస్తే మంచిదే, చెయ్యకపోతే కొంపలేం మునగవు అనిపించే ఉపలక్ష్యం ఒకటుంటుంది. పైకి చెప్పకుండా గుట్టుగా దాచిపెట్టింది మరొకటి ఉంటుంది. "కిటికీ వెయ్యండి" అనడానికి బదులు, "తూర్పు వైపు నుంచి దుమ్ము లోపలికి చొరబడుతోంది, దగ్గరలో ఉన్న దళం కదలాలి" అంటారు. దగ్గరలో ఉన్న దళం అంటే సాధారణంగా అకౌంట్స్ గుమాస్తా. పాపం ఆయన లేచి కిటికీ వేస్తాడు.

ఇది వృత్తి తెచ్చిపెట్టిన జబ్బు. కంప్యూటర్ మీద ఆడే యుద్ధపు ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో ఆయన ఉద్యోగం. యుద్ధభూమిని పైనుంచి చూస్తూ సైన్యాన్ని నడిపించే ఆటలవి. అందులో ఒక్కో యుద్ధాన్ని మిషన్ అంటారు, మిషన్లన్నీ ఒక కథగా అల్లితే క్యాంపెయిన్ అంటారు. ఆ అల్లేపని ఆయనది. అందుకే ఆఫీసంతా ఆయన్ని మిషన్‌గారు అంటుంది. ఆ పేరు చెవినపడి, కింది వాటాలో ఉండే పెద్దావిడ ఒకసారి చిరిగిన దిండుగలీబు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. అది కుట్టుమిషన్ కాదని ఆయన చెప్పలేదు. గలీబు అటూ ఇటూ తిప్పి చూసి, "ప్రధాన లక్ష్యం ఏమిటండీ? దిండును కాపాడటమా, దూదిని ఆపడమా?" అని అడిగారు. ఆవిడ గలీబు లాక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ మెట్లెక్కలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి భార్య టమాటాలు తెమ్మని పంపితే ఖాళీ సంచీతో, వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చారు.

"చెప్పులు కుట్టించాను. మీ అన్నయ్యని పలకరించాను. పక్కింటివాళ్ళ గేటు ఎందుకు కిర్రుమంటోందో కనిపెట్టాను."

"టమాటాలేవండీ?"

"అదే ప్రధాన లక్ష్యమని ముందు చెప్పాలి కదా."

ఆ ఇల్లాలు గొడవపడే మనిషి కాదు. అప్పట్నుంచి సంచీ చేతికిస్తూ, "టమాటాలు లేకుండా వస్తే ఓటమి" అని ఒక్కమాట చెప్పి పంపుతుంది. టమాటాలు వస్తున్నాయి.

ఉప్పు తగ్గించమన్న డాక్టర్ని, "ఇది తప్పనిసరా, మన ఇష్టమా?" అని అడిగారట. డాక్టరు కళ్ళజోడు తీసి, "తప్పనిసరి. గుట్టుగా దాచింది కూడా ఒకటుంది. అది స్కానింగులో చెబుతాను" అన్నాడట. ఇంత బాగా మిషన్ చెప్పే మనిషి వైద్యంలో మగ్గిపోతున్నాడని మిషన్‌గారు చాలా రోజులు బాధపడ్డారు.

అలాంటి మనిషి పక్క బల్ల దగ్గరకు, ఆటల్లో మాటలు రాయడానికి ఒక రచయిత్రి వచ్చి చేరింది. అంతకుముందు ఆమె రేడియో నాటికలు రాసేది. పాత్రల చేత గంటలు గంటలు మాట్లాడించగలదు కానీ నలుగురి ముందు తను నోరు విప్పాలంటే మాత్రం నాలుక పిడచకట్టుకుపోయేది. ఒకసారి ఏదో సభలో మైకు చేతికిస్తే "అందరికీ నమస్కారం" అంది. కాసేపు ఊరుకుంది. మళ్ళీ "అందరికీ నమస్కారం" అని దిగిపోయింది. క్లుప్తంగా మాట్లాడారని ఎవరో మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలు ఆమెను ఇంకా కుంగదీసింది. ఈ సంగతి కొత్త ఆఫీసులో ఎవరికీ తెలియదనే ఆమె అనుకుంది.

మొదటి వారంలోనే ఇద్దరికీ పేచీ వచ్చింది. మూడో మిషన్‌లో ఊరు ఖాళీ అవుతుంటుంది. జనం బళ్ళు కట్టుకుని వంతెన దాటుతుంటారు. వెనకాల శత్రువు తరుముకొస్తుంటాడు. యుద్ధం మొదలయ్యే ముందు సేనాపతి తన గోడు వెళ్ళబోసుకునే ప్రసంగం ఒకటి రచయిత్రి రాసుకొచ్చింది. రాస్తూ తనే ఏడ్చింది.

మిషన్‌గారు శ్రద్ధగా చదివారు. "బాగుందమ్మా. ఆడేవాడు ఇది వినడు."

"ఎందుకు వినరండీ?"

"వాడి చేతికింద సైన్యం ఉంది. నీ సేనాపతి ఏడుస్తుంటే వాడు దాటెయ్యడానికి మీట నొక్కుతాడు. ఏడవాల్సింది సేనాపతి కాదు, ఆడేవాడు."

"మాటలు లేకుండా ఎలా ఏడుస్తాడు?"

"వంతెన వాడిచేతే కూల్పించు. ఆఖరి బళ్ళు ఇంకా అవతలి ఒడ్డున ఉండగానే."

రచయిత్రికి ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. సాయంత్రానికి ప్రసంగమంతా కొట్టేసి ఒక్క వాక్యం మిగిల్చింది. వంతెన కూలాక సేనాపతి, "బళ్ళు లెక్కపెట్టకండి" అంటాడు. ఆ కాగితం మిషన్‌గారు రెండుసార్లు చదివారు. తర్వాత, "ఉపలక్ష్యం కూడా పూర్తయింది" అన్నారు. అది మెచ్చుకోలని ఆమెకు ఆఫీసు ప్రోగ్రామర్ వివరించాల్సి వచ్చింది.

అక్కణ్ణుంచి ఆమెకు దండయాత్రలు మొదలయ్యాయి.

"ఈ మిషన్ కథ వినేవాళ్ళకు ఎక్కుతోందో లేదో మనకు తెలియదు. కింద వాచ్‌మన్‌కి చెప్పి రామ్మా. ప్రధాన లక్ష్యం, ఆయనకు అర్థం కావాలి. ఉపలక్ష్యం, ఆయన 'తర్వాత?' అనాలి."

"ఆయనకెందుకండీ సైన్యాల గోల?"

"గేటు కాసే మనిషికి కాక ఇంకెవరికి?"

ఆమె గొణుక్కుంటూ వెళ్ళి, వాచ్‌మన్ గదిలో కుర్చీలో కూర్చుని, కాగితం చూస్తూ కథ చెప్పింది. వాచ్‌మన్ రాయిలా కూర్చుని విన్నాడు. ఒక్కడే కాబట్టి పెద్ద కష్టమనిపించలేదు. ఇంకో మిషన్ రాశాక వాచ్‌మన్‌తో పాటు టీ ఇచ్చే ఆవిడ కూడా కూర్చుంది. ఆ తర్వాత కాగితం కనిపించలేదు. మిషన్‌గారు పొరపాటున తన సంచీలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయారు. గుర్తున్నంత వరకూ చెప్పుకొచ్చింది. మరోసారి కుర్చీ లేదు. "కాలు విరిగింది" అన్నారు మిషన్‌గారు. నిలబడే చెప్పింది. ఇంకోసారి డ్రైవర్లు కూడా చేరారు. మరోసారి ప్రోగ్రామర్ వచ్చి చేతులు కట్టుకుని, "ఆ సేనాపతి జనాన్ని పడవల్లో దాటించొచ్చు కదా?" అని అడ్డం తగిలాడు. ఆమెకు ఒళ్ళు మండి, పడవలు ముందు రాత్రే తగలబడ్డాయని అక్కడికక్కడే కల్పించి నోరు మూయించింది. ఆ పడవలు తర్వాత ఆటలోకి కూడా వచ్చాయి.

చివరికి భోజనాల వేళ అకౌంట్స్ వాళ్ళ దగ్గరకు పంపారు.

"వాళ్ళు నవ్వగా ఎవరూ చూడలేదండీ" అంది రచయిత్రి.

"అది కోట. కోటను చివర్లోనే ముట్టడించాలి. వెళ్ళు."

వెళ్ళింది. కోట నవ్వలేదు కానీ, కిటికీలు వేసే గుమాస్తా చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని విన్నాడు.

ఇంతలో పరీక్ష ముంచుకొచ్చింది. పెట్టుబడి పెట్టే సంస్థ వాళ్ళు క్యాంపెయిన్ వినడానికి వస్తున్నారు. వాళ్ళు వద్దంటే ఇదంతా అటకెక్కుతుంది, కంపెనీ మళ్ళీ రంగుబిళ్ళలు జతచేసే ఆటలు చేసుకోవాలి. అక్కడ రచయితలతోనూ పనిలేదు, మిషన్లతోనూ పనిలేదు. కథ చెప్పాల్సింది మిషన్‌గారు. యజమాని ఆయన చేత కొత్త చొక్కా కూడా వేయించాడు.

పొడుగాటి బల్ల చుట్టూ ముక్కూమొహం తెలియని వాళ్ళు కూర్చున్నారు. యజమాని పరిచయం చేసి పక్కకు తప్పుకున్నాడు. మిషన్‌గారు లేచారు, నోరు తెరిచారు, గొంతు పట్టుకున్నారు.

"గొంతు పోయింది" అన్నారు గుసగుసగా.

ఆ ఉదయమే ఆయన లిఫ్టు మెకానిక్‌తో వీధి చివరికి వినిపించేలా వాదించడం రచయిత్రి స్వయంగా విన్నది. యజమాని మొహంలో నెత్తురుచుక్క లేదు. మిషన్‌గారు ఆమె వైపు వంగారు.

"ప్రధాన లక్ష్యం..."

"తెలుసు. కూర్చోండి" అని ఆమె లేచింది.

"అందరికీ నమస్కారం" అంది, ఈసారి ఒక్కసారే. చేతిలో కాగితం లేదు, కానీ లేకపోవడం కొత్తేమీ కాదు. ఊరు ఖాళీ అవడం దగ్గర మొదలుపెట్టింది. బళ్ళు వంతెనెక్కేసరికి మాట నిలకడైంది. బల్ల చివర ఒకాయన, "పడవలు లేవా?" అని అడ్డం తగిలితే, "తగలబడ్డాయండీ, అదీ చెబుతాను" అంది. వంతెన కూల్చి, సేనాపతి మాట చెప్పి ఆగింది. సంస్థ తరఫున వచ్చిన పెద్దావిడ కలం కింద పెట్టి, "తర్వాత?" అంది.

క్యాంపెయిన్‌కి ఒప్పుకున్నారు. యజమాని అందరి చేతులూ పట్టుకుని ఊపుతూ తిరిగాడు.

సాయంత్రం రచయిత్రి ఇంటికి బయల్దేరుతుంటే వాచ్‌మన్ గేటు తీస్తూ అడిగాడు. "పైన అందరూ కుదురుగా కూర్చున్నారా అమ్మా? ఎవరూ లేచిపోలేదు కదా?"

"లేదు. ఎందుకలా అడుగుతున్నారు?"

"వాళ్ళకు చెప్పేవాళ్ళు ఉన్నారో లేదో అని. మాకైతే మిషన్‌గారు ముందే చెప్పారు. అర్థం కాకపోయినా సరే, అమ్మగారు చెబుతున్నప్పుడు లేవకూడదు, ఫోను చూడకూడదు అని." ఆమె మొహం చూసి కంగారుపడ్డాడు. "అది మొదట్లోనమ్మా. తర్వాత చెప్పాల్సిన పన్లేదు. మీరు సెలవు పెట్టిన రోజు సేనాపతి బతుకుతాడా లేదా అని నేనూ టీ ఆవిడా పోట్లాడుకున్నాం."

రచయిత్రి గేటు పట్టుకుని నిలబడిపోయింది. మొదట ఒక్క మనిషి, కూర్చోవడానికి కుర్చీ, చూసుకోవడానికి కాగితం. తర్వాత ఇంకో మనిషి. తర్వాత కాగితం పోయింది, కుర్చీ పోయింది, అడ్డు ప్రశ్న వచ్చింది. క్యాంపెయిన్ అల్లేవాళ్ళు చేసేది ఇదే. మొదట గుప్పెడు సైనికులతో చదునైన నేల ఇస్తారు. పోనుపోను ఒక్కో కొత్త కష్టం కలుపుతారు. ఆడేవాడికి మాత్రం అంతా తనే నేర్చుకున్నట్టుంటుంది. ముందు ఆమెకు కోపమొచ్చింది. బస్సెక్కాక నవ్వొచ్చింది. పక్క సీటావిడ కాస్త జరిగి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఆయన బల్ల ముందు నిలబడింది.

"గొంతు ఎలా ఉందండీ?"

"అదేమిటో, దానంతటదే వచ్చేసింది."

"నామీద క్యాంపెయిన్ నడిపారు."

మిషన్‌గారు తెరవైపే చూస్తూ, "చిన్నదే" అన్నారు.

"మన ఆటల్లో తేలిక, కష్టం అని స్థాయిలుంటాయి కదా, నన్ను ఎందులో పెట్టారు?"

"తేలికలోనే పెట్టాను."

ఇది ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది. "అకౌంట్స్ వాళ్ళు తేలికా?"

"ఆ రోజు వాళ్ళకు లెక్క కుదిరింది. మనుషులు మెత్తగా ఉన్నారు. చూసే పంపాను."

రచయిత్రి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు మీకొక మిషన్. నేను మీకు థాంక్స్ చెబుతాను. మీరు మధ్యలో మాట్లాడకుండా, చతుర్లాడకుండా, చివరిదాకా వినాలి."

మిషన్‌గారి మొహంలో మొదటిసారి భయం కనిపించింది. "ఉపలక్ష్యం?"

"లేదు."

"దాచిపెట్టింది?"

"ఏమీ లేదు. వినడమే."

ఆమె మొదలుపెట్టింది. రెండో వాక్యంలోకి వచ్చిందో లేదో, ఆయన ముక్కు ఎగబీల్చి, ఏదో మాడుతున్న వాసన వస్తోందంటూ లేచి ఆఫీసులో టీ కాచే గదివైపు నడిచారు. అక్కడ పొయ్యి వెలిగించి కూడా లేదు.

"ఓటమి" అని ఆమె వెనకనుంచి చెప్పింది. "రేపు ఇదే వేళకు మళ్ళీ."

మర్నాడు ఆయనకు తుమ్ములు వచ్చాయి. ఆ మర్నాడు ఎవరో పిలిచారు. ఇప్పటికీ ఆ మిషన్ ఆయన చేత కాలేదు. తేలికలో పెట్టమని అడిగి చూశారు కానీ, ఆమె ఒప్పుకోవడం లేదు.