నిండు బిందెతో ఎదురొచ్చిన మనిషి

ఒకప్పుడు సినిమాల్లో విలన్ వేషాలు వేసిన మా పక్కింటి పెద్దాయన పోయిన గురువారం పొద్దున కాఫీ తాగి, పేపరు అడిగి, అది చేతికి వచ్చేలోపే కుర్చీలో కన్నుమూశారు. ఆ రోజంతా టీవీలో ఆయన గుడి దీపాన్ని కాలితో తన్నే సీనే వేశారు. బడి మానేశాక నేను సరుకుల చీటీలు తప్ప ఏమీ రాయలేదు. పదకొండో రోజుకి తెలిసినవాళ్ళందరినీ ఒకటి రెండు పేజీలు రాసిమ్మని ఆయన కూతురు అడిగితే, ఆ సీను చూసిన కళ్ళతోనే పెన్ను పట్టాను. ఆయన పోయారంటే ఏడుపు వచ్చింది. కానీ గుండెలో బరువు లేదు. ఎందుకో చెప్తాను.

ఆ సినిమాలో ఆయన చేతికర్ర చప్పుడు వినపడితే చాలు, ఎవరింట్లోనో పెళ్ళి ఆగిపోయేది. చిన్నప్పుడు మా అమ్మ కొంగు కప్పుకుని చూశాను. ఇన్నేళ్ళకు ఆయన అల్లుడికి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, కూతురితో పాటు ఆయన మా పక్కింట్లో దిగారు. మోకాళ్ళ నొప్పికి పట్టుకునే కర్ర చప్పుడు గోడ అవతల వినిపిస్తే నేను హారతి మధ్యలోనే ఆపేశాను.

పిల్లలు వెళ్ళి ఆ విలన్ నవ్వు నవ్వమంటే, "పళ్ళు పెట్టుకుని వస్తా, ఆగండ్రా" అనేవారు. రోజూ నా పూజకు మందారాలు కోసి ఆకులో చుట్టి గోడ మీద పెట్టేవారు. చేతికి ఇచ్చేవారు కాదు. నేను తీసుకోనేమోనని.

సోమవారం సోమవారం నేను షేర్ ఆటోలో ఝరాసంగం గుడికి వెళ్తాను. బయలుదేరేటప్పుడు ఎవరు ఎదురొస్తున్నారో చూసుకోవడం మా ఇంటి అలవాటు. ఆయన నడకకు వచ్చే వేళా అదే. నేను తలుపు వెనక నిలబడి, ఆయన మలుపు తిరిగాకే గడప దాటేదాన్ని. ఒకరోజు మా బిడ్డ నర్సింగ్ పరీక్షకు పోతుంటే, "ఆగు, ఆయన పోనీ" అన్నాను. మెల్లగానే అన్నాను. వాళ్ళ కిటికీ తెరిచి ఉంది.

ఆ తర్వాతి సోమవారం నుంచి లోపలి నుంచే కేక వేసేవారు. "వెళ్ళిరామ్మా, నేనింకా బయటికి రాలేదు!" గొంతులో కోపం లేదు. నేను వెళ్ళాక, ఎండ ముదిరాక నడిచేవారు. అది తెలిసి కూడా రెండేళ్ళు నోరెత్తలేదు. గుళ్ళో కళ్ళు మూసుకుంటే ఆ కేకే వినపడేది.

నిరుడు నా రొమ్ములో గడ్డ కనపడింది. పరీక్ష రిపోర్టు తెచ్చుకోవడానికి దవాఖానకు వెళ్ళాల్సిన రోజు, వాళ్ళ గేటు దగ్గర నిలబడ్డాను.

"కాకా, జర బయటికి రాండ్రి. దవాఖానకు పోతున్న. మీరే ఎదురు రావాలె."

లోపల కర్ర చప్పుడు ఆగింది. "నేనా? బాగా ఆలోచించుకున్నావా అమ్మాయ్? నా చరిత్ర తెలుసుగా."

"తప్పయింది కాకా. రెండేండ్ల సంది చేస్తున్న తప్పు."

"ఎంట్రీ ఎటునుంచి? కుడివైపా, ఎడమవైపా?" అని అడిగారు.

తెల్లపంచె కట్టి, విభూతి పెట్టుకుని, బిందె నిండా నీళ్ళు పట్టుకున్నారు. కూతురు అడ్డం వచ్చింది. "నాన్నా, మోకాళ్ళు! చెంబు చాలు."

"నిండు బిందె అంటే బిందే. చెంబుతో సరిపెడితే పైవాడు కట్ చెప్తాడు."

నాలుగడుగులు వేసి ఆగిపోయారు. "ఛీ, పాత నడకొచ్చేసింది. ఎవరింటి మీదికో పోతున్నట్టుంది. నువ్వు లోపలికెళ్ళమ్మా, మళ్ళీ వస్తా."

"అమ్మా, జల్దీ! ఆటో పోతది!" అని మా బిడ్డ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. గడ్డ కనపడ్డాక అదే మొదటి నవ్వు.

రెండోసారి కళ్ళు దించుకుని, కర్ర లేకుండా, మెల్లగా వచ్చారు. నేను దండం పెట్టి వెళ్ళాను.

అది మామూలు గడ్డేనన్నారు డాక్టరమ్మ. వచ్చి చెప్తే, "నాదేముందమ్మా, గడ్డే మంచిది" అన్నారు. రిపోర్టు ఇంకోలా వచ్చినా ఆ రోజు నేను తేలిగ్గానే ఇంటికి వచ్చేదాన్ని.

ఆయన్ని తీసుకెళ్తుంటే మా ఎదురింటామె నా చెవిలో అంది. "శవం ఎదురైతే మంచిదంటరు కదక్కా. ఇన్నొద్దులు తప్పించుకుని తిరిగినం, ఇగ ఫికర్ లేదు."

"నాకు బతికున్నప్పుడే ఎదురొచ్చిండు" అన్నాను. వీధిలో అంత గట్టిగా మాట్లాడటం నాకదే మొదలు.

చెల్లీ, మీ నాన్న గురించి నువ్వడిగిన ఈ కాగితాలు నీ దగ్గరే దాచుకో. టీవీవాళ్ళు అడిగినా చూపించకు. ఆయన బిందెతో ఎదురొచ్చిన రోజు మన వాకిట్లో కెమెరా లేదు, అలాగే ఉండనీ. నీకు గుర్తుందో లేదో, మా గడప దాకా ఒక్క చుక్క ఒలకలేదు. ఆ నీళ్ళు మా తులసి మొదట్లో పోసి, నా వైపు తిరిగి ఆయన అడిగారు.

"ఓకేనా అమ్మాయ్?"