వెనక వసారాలో రంగు తొట్లు

మా ఆయనకి శ్రీకాకుళంలో అల్యూమినియం తలుపులు, కిటికీలు చేసే షాపు ఉంది. నేను ఒక ప్రైవేటు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పదకొండేళ్ళు పనిచేశాను. కాలేజీ మూతపడ్డాక ఇంట్లోనే ఉండిపోయాను. తలుపు పిడులకి, కిటికీ పట్టీలకి బంగారు రంగో నల్ల రంగో కావాలంటే ఆయన వాటిని విశాఖపట్నం పంపేవారు. వారానికిగాని తిరిగొచ్చేవి కావు. ఆ పని ఇంట్లోనే చేయొచ్చని ఒకరోజు నేనే అన్నాను. ఆయన నవ్వేసి ఊరుకున్నారు.

ఆ పనిని అనోడైజింగ్ అంటారు. అల్యూమినియాన్ని ఆసిడ్ నీళ్ళలో వేలాడదీసి కరెంటు పంపితే దాని మీద గట్టి పొర పెరుగుతుంది. ఆ పొరలోని కంటికానని రంధ్రాల్లోకి రంగు ఎక్కించి, మరిగే నీళ్ళలో ఉంచితే అవి మూసుకుపోతాయి. చెప్పడానికి ఇంతే. అరసవల్లి దారిలో మా ఇంటి వెనక వసారాలో దాన్ని నిలబెట్టడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

వరసగా ప్లాస్టిక్ తొట్లు పెట్టాను. బ్యాటరీల షాపు నుంచి ఆసిడ్, అందులో కరెంటు పంపడానికి పాత సీసం రేకులు తెప్పించాను. మొదట్లో ఏ ముక్క తీసినా మచ్చలే. వేలు తగిలిన చోట వేలిముద్ర అలాగే ఉండిపోయేది. ఒకసారి చేతి తొడుగు చిరిగి మోచేతి కింద చర్మం కాలింది. ఎండలు ముదిరాక తొట్టి వేడెక్కి, పొర సుద్దలా రాలిపోవడం మొదలైంది. అప్పుడు చేపలవాళ్ళ దగ్గర ఐసు కొని, ఆసిడ్ తొట్టిని ఇంకో పెద్ద తొట్టిలో దింపి చుట్టూ పోశాను.

"ఏటే, రొయ్యల యాపారం ఏటైనా పెట్టావా?" అన్నారు మా ఆయన.

మొదట సరిగ్గా కుదిరింది మా చర్చిది. ప్రభు బల్ల రోజున ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసులు పెట్టి అందరికీ తిప్పే అల్యూమినియం పళ్ళెం అది. ఏళ్ళ తరబడి తోమి తోమి మసిబారిపోయింది. రంగు తొట్టిలోంచి పైకి తీసినప్పుడు ఒక్క మచ్చ లేకుండా బంగారంలా ఉంది. వసారా మెట్టు మీద కూర్చుని దాన్ని చాలాసేపు చూశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు ఆ పళ్ళెం పైకెత్తి చూపించి, మన సహోదరుడి చేతి పని అన్నారు. మా ఆయన లేచి నిలబడి చేతులు జోడించారు. ఆడవాళ్ళ వైపు నా పక్కనున్నావిడ "మీ ఆయన చేతిలో ఏదో ఉన్నాదమ్మా" అంది.

ఆటోలో వస్తూ అడిగాను. "నేను సేశానని ఒక్క ముక్క సెప్పొచ్చు కదండీ?"

"ఆడమనిషి ఆసిడ్లతోటి సేసిందంటే ఎవులు నమ్ముతారే? అయినా నువ్వూ నేనూ ఏరేనా?"

ఆ తర్వాత పని పెరిగింది. పాతపట్నంలో ఉన్న మా చెల్లెలి పురిటికి వెళ్ళి పది రోజులున్నాను. తిరిగొచ్చేసరికి వసారా ఖాళీ. తొట్లు, రేకులు, రంగుల డబ్బాలు, ఏ రంగుకి ఎంతసేపో నేను రాసుకున్న పుస్తకం, ఏదీ లేదు. అన్నీ మా బావగారి రేకుల షెడ్డుకి వెళ్ళిపోయాయి. ఆయన మా ఆయనకి అన్నగారు.

"ఇంట్లో ఆ కంపేటి? అన్నయ్యా నేనూ కలిపి సేస్తన్నాం. నీకూ సుఖమే కదా" అన్నారు మా ఆయన, టీ తాగుతూ.

"నన్నో మాట అడగాల కదా."

"అడిగితే ఒద్దంటావని అడగలేదు."

వసారా కడిగాను. ఆసిడ్ పడి గరుకెక్కిన గచ్చు ఎంత రుద్దినా నునుపు రాలేదు.

నెల తిరక్కుండానే బావగారు ఇంటికి వచ్చారు. చేతిలో ఒక కిటికీ పట్టీ. దాన్ని గుడ్డతో తుడిచి చూపించారు. రంగంతా గుడ్డకి వచ్చేసింది.

"సూడమ్మా, నీ పుస్తకంలో ఉన్నట్టే సేశాం. రంగు నిలబడ్డం లేదు."

"ఐసు ఏస్తన్నారా?"

"సేపలోళ్ళలా ఐసేటని మానేశాం."

చెప్పకుండా ఉండొచ్చు. తెలియదంటే నన్ను నిలదీసేవాళ్ళు లేరు. కానీ ఆ రంగు ఊడిపోతున్న పట్టీని చూస్తుంటే చెయ్యి ఊరుకోలేదు. షెడ్డు రేకుల కింద తొట్టి ఎంత వేడెక్కుతుందో, వేడెక్కితే పొర ఎందుకు పాడవుతుందో, నీళ్ళు చల్లబరిచే మిషను పెడితే ఐసు బాధ ఎలా తప్పుతుందో అన్నీ కాగితం మీద గీసి ఇచ్చాను. బావగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మా ఆయన ఆయన్ని గుమ్మం దాకా సాగనంపుతూ, "నేనూ అదే అనుకున్నానన్నయ్యా, ఏడి వల్లే" అన్నారు.

ఇప్పుడు షెడ్డులో మిషను ఉంది. బయట బోర్డు మీద అన్నదమ్ములిద్దరి పేర్లున్నాయి. రంగు కుదరనప్పుడల్లా మా ఆయన ఫోను చేస్తారు. వంట చేస్తూనే చెబుతాను. ఆయన అటు తిరిగి, నా మాటలనే తనవిగా పనివాళ్ళకి చెప్పడం నాకు ఫోనులో వినిపిస్తూనే ఉంటుంది.